కలివికోడి ఉందా, లేదా? – ఒక పక్షి అన్వేషణలో సందేహం చేసిన మేలు

మీరు ఒక రాత్రి కడప జిల్లాలో, లంకమల కొండల పాదాల దగ్గర చిట్టడవి అంచున నిలబడి ఉన్నారనుకోండి. పొద్దుగుంకి గంట కావస్తోంది. చేతిలో టార్చిలైటు ఉంది. ముళ్ళపొదల మధ్య ఖాళీ నేలమీద ఏదో పిట్ట పొడుగు కాళ్ళతో గబగబా పరుగెత్తింది. వెలుగు పడగానే ఒక్క క్షణం ఆగి, పొదలోకి మాయమైంది. అంతా కలిపి రెండు మూడు సెకన్లు. మర్నాడు మీరు ఊళ్ళోకి వచ్చి "రాత్రి నేను కలివికోడిని చూశాను" అన్నారు.

మీ మాట విన్న ముగ్గురు స్నేహితులు మూడు రకాలుగా స్పందించారు. మొదటివాడు "అబ్బ, ఎంత అదృష్టం!" అని వెంటనే నమ్మేశాడు. రెండవవాడు "అది ఎప్పుడో అంతరించిపోయింది. నువ్వు తీతువును చూసి ఉంటావు" అని కొట్టిపారేశాడు. మూడవవాడు మాత్రం ప్రశ్నలు వేశాడు: "ఎంత దూరం నుంచి చూశావు? రొమ్ముమీద ఎన్ని పట్టీలున్నాయి? కూత విన్నావా? నేలమీద అడుగుల గుర్తులేమైనా ఉన్నాయా? ఈ రాత్రి మళ్ళీ పోదాం పద."

ఈ ముగ్గురిలో సందేహించింది ఎవరు? రెండవవాడు కూడా సందేహించాడనే చాలామంది అంటారు. కాని ఆలోచించి చూడండి. అతను పక్షి లేదని ముందే నమ్మేశాడు. ఆ నమ్మకానికి ఆధారమేమిటో తనను తాను అడుగుకోలేదు. మొదటివాడు ఉందని నమ్మినంత తేలిగ్గా రెండవవాడు లేదని నమ్మాడు. నిజంగా సందేహించినవాడు మూడవవాడొక్కడే. అంతరించిపోయిందో లేదో తెలియని పక్షుల కోసం మన దేశంలోనూ, ఇతర దేశాల్లోనూ సాగిన వెతుకులాటల చరిత్ర చూస్తే, ఈ ముగ్గురు స్నేహితులూ అడుగడుగునా కనిపిస్తారు.

రెండు పట్టీల పక్షి

మన కథ పందొమ్మిదవ శతాబ్దంలో మొదలవుతుంది. థామస్ జెర్డన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు మద్రాసు రాజధానిలో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా పక్షుల్ని, జంతువుల్ని పరిశీలించేవాడు. నెల్లూరు, కడప ప్రాంతాల కొండల్లో అతనికి ఒక కొత్త పక్షి దొరికింది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రొమ్ముమీద రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెల్లని పట్టీ ఉండటంవల్ల శాస్త్రీయ నామంలో 'బైటార్క్వేటస్', అంటే 'రెండు కంఠహారాలు గలది' అన్న మాట చేరింది. ఇంగ్లీషులో దీన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు. ఇది సుమారు 27 సెంటీమీటర్ల పొడవుండే, ఎగరడంకన్నా పరుగెత్తడానికే ఇష్టపడే పక్షి. కళ్ళు పెద్దవి. ఆ పెద్ద కళ్ళను గుర్తుపెట్టుకోండి. వాటి సంగతి మళ్ళీ వస్తుంది.

మన జనానికి ఈ పక్షి కొత్తదేమీ కాదు. కలివి పొదలుండే చోట తిరుగుతుంది కాబట్టి కలివికోడి అన్నారు. పాత పక్షి గ్రంథాల్లో దీనికి 'అడవి ఉత్తతిత్తి' అన్న తెలుగు పేరు కూడా నమోదై ఉంది. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి. ఒకసారి పైకి పలికి చూడండి. పక్షి కూతను మాటల్లోకి దించినట్టు అనిపించడం లేదూ?

గోదావరి లోయలో భద్రాచలం, సిరొంచ ప్రాంతాల్లో బ్లాన్‌ఫర్డ్ ఈ పక్షిని చూశాడు. 1900లో హోవర్డ్ కాంప్‌బెల్ అనంతపురం దగ్గర చూశాడు. ఆ తరవాత ఏ కబురూ లేదు. 1930 ప్రాంతంలో తూర్పు కనుమల్లో వెర్నే సర్వే పేరుతో పెద్ద పక్షి పరిశోధన సాగింది. అందులోనూ కలివికోడి దొరకలేదు. తరవాతి దశాబ్దాల్లో సలీం అలీ వంటి మహామహులు వెతికినా ఫలితం లేకపోయింది. పుస్తకాల్లో ఈ పక్షి పేరు పక్కన 'బహుశా అంతరించిపోయింది' అన్న మాట చేరింది. మొదట్లో ఉన్న 'బహుశా' అన్న మాట రానురాను వినేవాళ్ళ చెవిన పడటం మానేసింది.

పగలు వెతికితే రాత్రి పక్షి దొరుకుతుందా?

1980ల మధ్యలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్ళీ అన్వేషణ మొదలుపెట్టింది. ఈసారి పద్ధతి మారింది. పరిశోధకుడు భరత్ భూషణ్ పాత రికార్డులున్న ప్రాంతాల్లో తిరుగుతూ, పక్షి బొమ్మను ఊళ్ళలో జనానికి చూపించి "దీన్ని ఎక్కడైనా చూశారా?" అని అడిగాడు. కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర పక్షుల్ని పట్టడంలో నేర్పరి అయిన ఐతన్న అనే స్థానికుడు తనకు తెలుసన్నాడు. 1986 జనవరిలో ఒక రాత్రి అతను టార్చి వెలుగులో ఒక పక్షిని సజీవంగా పట్టుకున్నాడు. 86 ఏళ్ళుగా శాస్త్రలోకం కంటపడని కలివికోడి అది! కబురు తెలిసేటప్పటికి సలీం అలీ వయసు 89 ఏళ్ళు. విచారకరమైన సంగతేమిటంటే, పట్టుబడిన ఆ పక్షి కొద్దిరోజులకే చనిపోయింది. దాని నమూనాను సొసైటీ వారు భద్రపరిచారు. ఆ తరవాత అదే ప్రాంతంలో మరికొన్ని పక్షులు కనిపించాయి. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇంతమంది పండితులకు ఇన్నేళ్ళు ఎందుకు దొరకలేదు? కలివికోడి రాత్రించరమైన పక్షి. పగలంతా పొదల నీడన కదలకుండా ఉంటుంది. ఆ పెద్ద కళ్ళు చీకట్లో చూడటానికే. వెనకటి పరిశోధకులు ఈ సంగతి తెలియక ఎక్కువగా పగటిపూట వెతికారు. రాత్రిపూట అడవిలో తిరిగే మనిషికి మాత్రం అది పరిచయమే.

ఇక్కడ మన రెండవ స్నేహితుణ్ణి ఒకసారి తలుచుకోండి. "అంతమంది వెతికారు, దొరకలేదు. కాబట్టి లేదు" అన్నది అతని వాదన. వాళ్ళు ఏ వేళప్పుడు వెతికారని అతను అడగలేదు. ఇలా లేదనుకుని ముందే ఆశ వదులుకోవడాన్ని పక్షిశాస్త్రజ్ఞుడు నైజెల్ కాలర్ 1998లో 'రోమియో పొరపాటు' అన్నాడు. షేక్స్‌పియర్ నాటకంలో జూలియెట్ చనిపోయిందని భ్రమపడి రోమియో ప్రాణం తీసుకుంటాడు. నిజానికి ఆమె అప్పటికింకా బతికే ఉంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూ దీవిలో అడవులన్నీ పోయాయి కాబట్టి అక్కడి పిట్టలూ పోయాయని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. 1992లో సెబూ ఫ్లవర్‌పెకర్ అనే చిన్న పిట్ట ఒక అడవి ముక్కలో కనిపించింది. పక్షి లేదనుకుంటే ఆ మిగిలిన అడవి ముక్కను కాపాడాలని ఎవరికీ తోచదు. అప్పుడు పొరపాటు అభిప్రాయమే నిజమైపోతుంది.

అబద్ధం చెప్పిన గుడ్లగూబ

ఇదంతా చదివి మీరు "అయితే రెండవ స్నేహితుడిది తప్పు, మొదటివాడిదే సరైన దారి. ఎవరేం చెప్పినా నమ్మి వెతకడమే మంచిది" అనుకోవచ్చు. తొందరపడకండి. అతి నమ్మకం ఎంత పని చేస్తుందో చెప్పే కథ కూడా మన దేశంలోనే ఉంది.

మధ్య భారతపు అడవుల్లో ఒక చిన్న గుడ్లగూబ ఉంది. పేరు ఫారెస్ట్ ఔలెట్. 1873లో ఏ.ఓ. హ్యూమ్ దీన్ని వర్ణించాడు. భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడైన హ్యూమే ఇతను. పందొమ్మిదవ శతాబ్దంలో సేకరించిన కొద్దిపాటి నమూనాలు తప్ప దీని గురించి ఎవరికీ ఏమీ తెలియదు. వాటిలో చివరివి 1880లలో ఖాందేశ్ ప్రాంతంలో జేమ్స్ డేవిడ్సన్ సేకరించినవి. అయితే వీటికి తోడు ఒక కొత్త రికార్డు చేరింది. రిచర్డ్ మైనర్ట్జ్‌హాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి తాను 1914లో గుజరాత్‌లో, తపతీ నది ఒడ్డున మాండ్వి దగ్గర ఈ పక్షిని కాల్చి తెచ్చానని ఒక నమూనా చూపించాడు. ఆయన పేరున్న పక్షిశాస్త్రజ్ఞుడు. ఆయన మాటను ఎవరు కాదంటారు? వెతికేవాళ్ళ దృష్టి గుజరాత్ వైపు మళ్ళింది. అక్కడ ఎంత వెతికినా పక్షి దొరకలేదు. దొరికిందని కొందరు చూపిన ఫోటోలు పరిశీలిస్తే, అవి మన ఊళ్ళలో చెట్ల తొర్రల్లో కనిపించే మామూలు చుక్కల పైడికంటివే.

1990లలో ఈ పెద్దమనిషి సేకరణ మీదనే అనుమానాలు మొదలయ్యాయి. ఆయన కొన్ని పక్షి నమూనాలను మ్యూజియంల నుంచి దొంగిలించి, కొత్త చీటీలు కట్టి, తానే సేకరించినట్టు చూపాడని ఆలన్ నాక్స్ అనే శాస్త్రజ్ఞుడు 1993లో రుజువు చేశాడు. అమెరికన్ శాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ ఈ గుడ్లగూబ నమూనాను కూడా సందేహంతో చూసింది. దాని కుట్లు, లోపల కూరిన దూది, చర్మాన్ని సరిచేసిన తీరు అన్నీ పరీక్షకు వచ్చాయి. దర్జీ కుట్టిన చొక్కాను కుట్టుపనిని బట్టి గుర్తుపట్టినట్టే, నమూనాను తయారుచేసిన మనిషి చేతివాటాన్ని కూడా గుర్తుపట్టవచ్చు. ఆ గుడ్లగూబ చర్మం మీద డేవిడ్సన్ చేతిపని ఆనవాళ్ళున్నాయి! అంటే డేవిడ్సన్ 1880లలో సేకరించిన పక్షినే బ్రిటిష్ మ్యూజియం నుంచి ఎత్తుకుపోయి, మళ్ళీ కూరి కుట్టి, 1914 నాటి చీటీ కట్టారన్నమాట. రాస్ముసెన్, కాలర్ కలిసి ఈ వివరాలన్నీ 1999లో ప్రచురించారు.

ఆ చీటీని పక్కన పెట్టేస్తే మిగిలేవి ఏమిటి? అసలైన పాత చోట్లు. 1997 నవంబరులో రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ ఆబట్ ఆ చోట్లలో వెతకడానికి వచ్చారు. ముందు తూర్పున ఉన్న పాత చోట్లలో తిరిగారు. దొరకలేదు. ఆ తరవాత మహారాష్ట్రలో, ఖాందేశ్ ప్రాంతంలోని శహాదా దగ్గరికి వెళ్ళారు. అక్కడ నవంబరు 25 ఉదయం, పట్టపగటి వెలుగులో, ఆకులు రాలిన ఒక చెట్టుకొమ్మ మీద ఫారెస్ట్ ఔలెట్ కూచుని ఉంది! 113 ఏళ్ళ తరవాత దొరికిన ఆ పక్షిని వాళ్ళు ఫోటోలు, వీడియో తీశారు. తరవాత మధ్యప్రదేశ్‌లోనూ, గుజరాత్‌లోనూ కూడా ఈ పక్షులు ఉన్నట్టు తెలిసింది.

ఈ కథలోని తమాషా గమనించారా? ఒక దొంగ ఆధారాన్ని సందేహించడంవల్లనే అసలు పక్షి దొరికింది. మైనర్ట్జ్‌హాగెన్ మాటను గౌరవంతో నమ్ముతూ కూచుంటే వెతుకులాట దారి తప్పే ఉండేది. రాత్రి పక్షి కోసం పగలు వెతకడం, ఖాందేశ్ పక్షి కోసం మాండ్విలో వెతకడం – ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. చేతిలో ఉన్న సమాచారం ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ గట్టిగా అడగలేదు.

నాలుగు సెకన్ల వీడియో

దొరికినదాన్ని గురించి కూడా సందేహించాలా? తప్పకుండా. దీనికి అమెరికాలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది.

ఐవరీ-బిల్డ్ వడ్రంగిపిట్ట అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చిత్తడి అడవుల్లో ఉండేది. దాన్ని చూసినట్టు అందరూ ఒప్పుకునే చివరి రికార్డు 1944 నాటిది. ఆ తరవాత చూశామన్నవాళ్ళు ఎందరో ఉన్నారు కాని, గట్టి రుజువు లేదు. 2004లో ఆర్కాన్సా రాష్ట్రంలోని ఒక చిత్తడి అడవిలో ఈ పక్షిని చూసినట్టు కబురొచ్చింది. పడవలో ఉన్న కెమెరాలో అనుకోకుండా ఒక పక్షి ఎగిరిపోతూ పడింది. నిడివి నాలుగు సెకన్లు. బొమ్మ మసక మసకగా ఉంది. 2005లో కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారు ఈ వీడియోను, కొందరు చూసిన వివరాలను కలిపి 'సైన్స్' పత్రికలో ప్రకటించారు. దేశమంతా పండగ చేసుకున్నంత పనైంది.

మరుసటి ఏడాది అదే పత్రికలో డేవిడ్ సిబ్లీ, మరి ముగ్గురు పరిశోధకులు ఆ వీడియోను మళ్ళీ విశ్లేషించారు. ఐవరీ-బిల్డ్ రెక్క వెనక అంచున తెలుపు ఉంటుంది. మామూలుగా కనిపించే పైలియేటెడ్ వడ్రంగిపిట్టకు రెక్క అడుగుభాగాన తెలుపు ఉండి, వెనక అంచు నల్లగా ఉంటుంది. ఎగిరేటప్పుడు రెక్క మెలితిరిగితే మసక బొమ్మలో అడుగున ఉన్న తెలుపే పైన ఉన్నట్టు కనిపించవచ్చని, ఇది పైలియేటెడ్ పిట్టే కావచ్చని వాళ్ళన్నారు. మొదటి బృందం తమ మాటకే కట్టుబడి జవాబిచ్చింది. వాదన ఎలా తేలాలి? ఒక్కటే మార్గం. పక్షి ఉంటే మళ్ళీ కనబడాలి. ఆ తరవాత ఏళ్ళ తరబడి మనుషులు, యాంత్రిక కెమెరాలు, శబ్దగ్రాహకాలు ఆ అడవుల్ని గాలించినా, అందరూ ఒప్పుకునే ఫోటో ఒక్కటీ రాలేదు. 2021లో అమెరికా ప్రభుత్వం ఈ పక్షి అంతరించిందని ప్రకటించాలని ప్రతిపాదించింది. 2023లో 21 జాతుల్ని అంతరించినవిగా తేల్చినప్పుడు మాత్రం దీన్ని ఆ జాబితాలో చేర్చకుండా ఆపింది.

ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. చూశామన్నవాళ్ళు నిజాయితీగానే చెప్పారు. కాని నిజాయితీ వేరు, కచ్చితత్వం వేరు. ఎంతోకాలంగా ఎదురుచూస్తున్న వస్తువును కన్ను తేలిగ్గా 'చూసేస్తుంది'. రైల్వేస్టేషన్‌లో చుట్టం కోసం ఎదురుచూసేటప్పుడు వచ్చేవాళ్ళలో ఎంతమంది మన చుట్టంలాగే కనబడతారో మీకు తెలియనిదా!

కాగితం, పెన్సిలు తీసుకోండి

ఇక లెక్క వేసి చూద్దాం. కలివికోడి ఉన్న చోటికే, సరైన వేళకే మీరు పోయి విన్నారనుకుందాం. ఒక రాత్రి దాని కూత వినపడే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. ఇది కేవలం లెక్క కోసం తీసుకున్న అంకె. అయితే వినపడకుండా పోయే అవకాశం 0.9. రెండు రాత్రులూ వినపడకపోయే అవకాశం 0.9 × 0.9, అంటే 0.81. ఇలా పది రాత్రులు గుణించుకుంటూ పోతే సుమారు 0.35 వస్తుంది. అంటే పక్షి అక్కడే ఉన్నా, పది రాత్రులు నిశ్శబ్దంగా గడిచే అవకాశం మూడింట ఒక వంతు ఉంది. కాబట్టి పది రాత్రుల తరవాత "లేదు" అనడం తొందరపాటు. ముప్పై రాత్రులకు అది సుమారు 0.04కు దిగుతుంది. అప్పుడు నిశ్శబ్దానికి కొంత బరువు వస్తుంది.

ఇప్పుడు వేళ మార్చండి. పక్షి కూయని వేళలో వెళ్ళారు. వినపడే అవకాశం సున్నా. వినపడకపోయే అవకాశం 1. దాన్ని ఎన్నిసార్లు గుణించినా 1గానే ఉంటుంది. మూడు వందల రోజులు తిరిగినా ఒక్క రోజు తిరిగినదానికన్నా ఎక్కువ తెలియదు. 1900కు, 1986కు మధ్య జరిగింది చాలావరకు ఇదే. 'ఎంత వెతికారు' అన్న ప్రశ్న కన్నా 'ఎలా వెతికారు' అన్న ప్రశ్న ముఖ్యమనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఇంకో లెక్క. అంతరించిన పక్షి బొమ్మ పత్రికల్లో వచ్చిందనుకోండి. వెయ్యిమంది రాత్రిపూట పొదల్లో తీతువునో, రాత్రి తిరిగే స్టోన్ కర్లూనో చూశారు. వాళ్ళలో నూటికి తొంభైతొమ్మిది మంది సరిగ్గానే గుర్తుపట్టారు. ఒక్కరు మాత్రం పొరబడ్డారు. అయినా, అసలు పక్షి ఒక్కటి కూడా లేకుండానే, "చూశాం" అనే కబుర్లు పది వచ్చిపడతాయి! కాబట్టి ఎక్కువమంది చెప్పారన్నంత మాత్రాన విషయం రుజువు కాదు. అలాగని ఆ పది కబుర్లూ పనికిరానివని కాదు. అవి ఎక్కడ వెతకాలో చెబుతాయి. వెతికాక ఏం దొరికిందో మాత్రం వేరే ఆధారం చెప్పాలి.

నేలమీద అడుగులు, గాలిలో కూత, పెట్టెలో గుడ్డు

అటువంటి ఆధారం ఎలా ఉండాలి? చూసిన మనిషి పక్కన లేకపోయినా, ఇంకొకరు మళ్ళీ పరీక్షించడానికి వీలుగా ఉండాలి. కలివికోడి విషయంలో ఇలాంటి ఆధారాలు మూడు రకాలు దొరికాయి.

మొదటిది అడుగుల గుర్తులు. 2000 తరవాత పి. జగన్నాథన్, ఆయన సహచరులు పొదల మధ్య నేలను సన్నటి మట్టితో పట్టీలుగా చదును చేశారు. రాత్రి ఆ పట్టీల మీదుగా నడిచిన పక్షుల అడుగులు తెల్లవారి స్పష్టంగా కనిపించేవి. వాటిని కొలిచి, ఇతర పక్షుల అడుగులతో పోల్చేవారు. వాటికి తోడు, ఎవరైనా ఎదుటికి రాగానే తనంతట తానే ఫోటో తీసుకునే కెమెరాలు పెట్టారు. ముగ్గులాంటి ఈ మట్టి పట్టీలు పక్షిని పట్టుకోకుండా, బెదిరించకుండా సాక్ష్యం సేకరించాయి.

రెండవది కూత. పొద్దుగుంకిన ముప్పావుగంట తరవాత కొద్ది నిమిషాలపాటు ఇది రెండు స్వరాల కూతను మళ్ళీ మళ్ళీ కూస్తుందని అదే బృందం గుర్తించి, రికార్డు చేసింది. దాంతో వెతికేవాళ్ళకు ఏ వేళకు చెవి ఒగ్గాలో తెలిసింది.

మూడవది గుడ్డు. స్కాట్‌లండ్‌లో ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో పాత గుడ్ల సేకరణ ఒకటి ఉంది. అందులోని ఒక గుడ్డు జెర్డన్స్ కోర్సర్‌దని, 1917లో కోలారు ప్రాంతంలో దొరికిందని దాని వివరాలు చెబుతున్నాయి. చీటీని ఎంతవరకు నమ్మవచ్చు? గుడ్లగూబ చీటీ ఏం చేసిందో మనం చూశాం కదా! అందుకే గుడ్డులో మిగిలిన డి.ఎన్.ఎ.ను, మ్యూజియంలో ఉన్న పాత కలివికోడి నమూనా డి.ఎన్.ఎ.తో పోల్చి చూశారు. రెండూ సరిపోయాయి. 2013లో ఈ సంగతి ప్రకటించారు. అంటే 1900తో ఆగిపోయిందనుకున్న కథ కనీసం 1917 దాకా సాగిందన్నమాట. ఈ పరీక్ష చేయించిన శాస్త్రజ్ఞుడు ఎవరో తెలుసా? ఇరవై ఏళ్ళ క్రితం మైనర్ట్జ్‌హాగెన్ దొంగచీటీలను బయటపెట్టిన ఆలన్ నాక్సే! దొంగ ఆధారాన్ని పట్టించిన సందేహమే అసలు ఆధారానికి ముద్ర వేసింది.

ఈ గొడవంతా మనకెందుకు?

"ఒక పిట్ట ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు నేలమీదే ఉంది. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి తిరిగే పొదల మీదికి వచ్చింది. రాయలసీమకు నీళ్ళు కావాలి. అందులో సందేహం లేదు. కాని ఆ పొదలు పోతే పక్షీ పోతుంది. అప్పుడు పక్షి ఎక్కడెక్కడ తిరుగుతోందో చూపించే రుజువులున్నాయి. కాబట్టే కాలువ దారి మార్చారు. నీళ్ళూ ఆగలేదు, పొదలూ మిగిలాయి. అంతకు ఇరవై ఏళ్ళ ముందైతే "అంతరించిన పక్షి కోసం కాలువ ఆపుతారా?" అని నవ్వి ఉండేవారు. అలాగే రుజువులు లేకుండా "ఇక్కడ ఉంది, అక్కడ ఉంది" అనే కబుర్లు మాత్రమే ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. తప్పుడు కబురు ఒక్కటి బయటపడితే, తరవాత వచ్చే నిజమైన కబురును కూడా జనం నమ్మరు. నాన్నా పులి కథ మీకు తెలిసిందే కదా.

అడవులు కాపాడటానికి ఉన్న డబ్బు, మనుషులు ఎప్పుడూ తక్కువే. లేని పక్షి కోసం ఒక అడవిలో పదేళ్ళు తిరిగితే, ఉన్న పక్షి ఇంకో అడవిలో అంతరించిపోవచ్చు. ఉన్న పక్షిని లేదనుకుంటే దాని అడవి పోతుంది. ఈ రెండు నష్టాల నుంచీ కాపాడేది మన మూడవ స్నేహితుడి ప్రశ్నలే. ఒక జాతి అంతరించిందని చెప్పాలంటే, దాని చివరి జీవి చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం ఏమాత్రం మిగలకూడదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం నియమం పెట్టింది. అందుకోసం తెలిసిన చోట్లలో, ఉండగల చోట్లలో, తగిన వేళల్లో, తగిన ఋతువుల్లో గాలించి ఉండాలి. ఈ మాటల వెనక ఎన్ని పొరపాట్ల అనుభవం ఉందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

మళ్ళీ ఒక రాత్రి

కలివికోడి కథ 1986తో సుఖాంతం కాలేదు. 2009 తరవాత మళ్ళీ చాలా ఏళ్ళు రుజువైన కబురు ఏదీ రాలేదు. కొందరు మళ్ళీ 'బహుశా' అనడం మొదలుపెట్టారు. 2025 ఆగస్టులో కొందరు భారతీయ పక్షి పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాత్రి దాని కూతను రికార్డు చేశారు. వాళ్ళు మన దగ్గరికి తెచ్చింది శబ్దాన్ని. ఇరవై ఏళ్ళ క్రితం జగన్నాథన్ బృందం రికార్డు చేసిన కూత ఉంది కాబట్టి, దానితో పోల్చి చూడటానికి ఎవరికైనా వీలుంటుంది. కూత ఒకటి దొరికిందంటే ఆ చోట పక్షి ఉందని తెలుస్తుంది. ఎన్ని ఉన్నాయి, గూళ్ళు పెడుతున్నాయా, పిల్లలు బతుకుతున్నాయా అన్నవి ఆ కూత చెప్పలేదు. వాటికి మళ్ళీ కొత్త వెతుకులాట కావాలి, కొత్త సందేహాలు కావాలి.

మీ ఊరి పొదల్లో కలివికోడి లేకపోవచ్చు. కాని "ఇదివరకు ఇక్కడ ఫలానా పిట్ట ఉండేది, ఇప్పుడు లేదు" అనే పెద్దవాళ్ళు తప్పక ఉంటారు. వాళ్ళ మాట విన్నప్పుడు వెంటనే ఒప్పుకోకండి, వెంటనే కొట్టిపారేయకండి. ఒక నోటుపుస్తకం తెరిచి నాలుగు ప్రశ్నలు రాసుకోండి: చివరిసారి ఎవరు చూశారు? ఎక్కడ? ఏ వేళప్పుడు? అది ఆ పిట్టేనని ఎలా గుర్తుపట్టారు? జవాబులు రాసుకున్నాక, ఆ చోటికి, ఆ వేళకు మీరే వెళ్ళి చూడండి. ఏమీ కనిపించకపోతే, ఎంతసేపు చూశారో తేదీ వేసి అది కూడా రాసిపెట్టండి. 1900కు, 1986కు మధ్య వెతికినవాళ్ళంతా ఆ ఒక్క వివరం – ఏ వేళప్పుడు చూశామన్నది – రాసి, దాన్నే సందేహించి ఉంటే, కలివికోడి ఇంకా ముందే మన కంటపడి ఉండేదేమో!